ప్రతిభ గల పిల్లల గుర్తింపుపై కొత్తకోట తల్లిదండ్రుల వినతిపత్రం

గౌరవనీయులైన వనపర్తి జిల్లా కలెక్టర్ గారికి,

కొత్తకోట మున్సిపాలిటీ, మండలంలోని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రులు ప్రజావాణిలో సమర్పించుకుంటున్న వినతి.

విషయం: ప్రతిభ గల పిల్లలను గుర్తించే పద్ధతి సరిచేయాలని, ఆ గుర్తింపు కావాలో వద్దో తల్లిదండ్రులు అన్నీ తెలుసుకుని తేల్చుకునే వీలు కల్పించాలని.



నాలుగు, ఐదు తరగతుల పిల్లలున్న ఇండ్లలో ఏటా ఒకటే చర్చ. గురుకులం ప్రవేశ పరీక్ష రాయించాలా, నవోదయ రాయించాలా, ఏదీ వద్దని ఊరి బడిలోనే ఉంచాలా? "మీ పిల్ల చురుకు, రాయించండి" అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రాయిస్తే ఏమవుతుందో, రాయించకపోతే ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మాత్రం దొరకడం లేదు.

కొత్తకోటలో చీరలు నేసే ఒక ఇంట్లో ఐదో తరగతి అమ్మాయి ఉంది. తండ్రి మగ్గం మీదుంటే పక్కన నిలబడి, అంచులో బుటా ఎక్కడ తప్పిందో పోగులు లెక్కబెట్టి చెబుతుంది. బడిలో సారు బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేసి, మిగతా పీరియడంతా నోటుపుస్తకం చివరి పేజీలో చుక్కల ముగ్గులు వేసుకుంటూ కూర్చుంటుంది. ఆ తండ్రి మాట ఇది: "రాయిపిస్తే సీటు రాకపాయె, పిల్ల దిగులు పడ్తది. వచ్చిందనుకో, గంత చిన్న పిల్లను ఇడిసిపెట్టి ఉండాలె. రాయిపియ్యకుంటే రేపు పెద్దయినంక అదే అడుగుతది, నన్నెందుకు రాయనియ్యలేదని." మూడు భయాలూ నిజమైనవే. వాటికి జవాబు ఒక్క తండ్రి దగ్గర దొరికేది కాదు గనుకే తమరి దగ్గరికి వచ్చాం.

పల్లెటూరి పిల్లల్లో తెలివిని వెతికి పట్టుకోవాలన్న ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కాదు. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, పాత నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిచారు. ఆ తర్వాత ఆయనే కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా నవోదయ విద్యాలయాలకు ఊపిరిపోశారు. పాత పాలమూరు జిల్లాకు వచ్చిన నవోదయ వట్టెంలో ఉంది. ఆ బడుల మీద మాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. మా బాధ అక్కడికి చేర్చే దారి గురించి, చేరని పిల్లల గురించి.

నవోదయ పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు పోల్చే మేధాశక్తి భాగానికే. ఆ బొమ్మలు మా బడి పుస్తకాల్లో లేవు, కోచింగ్ సెంటర్లలో ఉన్నాయి. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లవాడు నెలల తరబడి వాటిని సాధన చేసి వస్తే, తల్లిదండ్రులు వలసపోయి అమ్మమ్మ దగ్గర ఉండే పిల్ల వాటిని మొదటిసారి పరీక్ష హాల్లోనే చూస్తుంది. పైగా ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయాలి. ఇలా తేలేది తెలివి ఒక్కటే అని మేమెలా నమ్మాలి?

ఇంకొక చిక్కు మా ఊరికే ప్రత్యేకం. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంత బడిలో చదివితేనే ఆ కోటా వర్తిస్తుంది. 2018లో కొత్తకోట మున్సిపాలిటీ అయింది. అప్పటినుంచి మగ్గాల ఇండ్ల పిల్లలు, కూలీల పిల్లలు పట్టణ అభ్యర్థులయ్యారు. బోర్డు మారింది గానీ బతుకులు మారలేదు. పామాపురం పిల్లకున్న అవకాశం పక్కనే ఉన్న కొత్తకోట పిల్లకు లేదు. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మంజూరు చేసిన 28 కొత్త నవోదయల్లో తెలంగాణకు ఏడు వచ్చాయి. మహబూబ్‌నగర్‌కు దక్కింది, వనపర్తికి దక్కలేదు.

మా కోరికలు ఇవి.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: దరఖాస్తు పెట్టిన పిల్లల్లోనే కాక, బడిలో ఉన్న ప్రతి పిల్లలోనూ ప్రతిభ వెతకాలి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒక పెద్ద విద్యా జిల్లాలో టీచర్లు, తల్లిదండ్రులు సిఫారసు చేసిన పిల్లలకే పరీక్ష పెట్టే పద్ధతి మాని 2005లో రెండో తరగతి పిల్లలందరినీ పరీక్షించారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు గుర్తింపు పొందడం బాగా పెరిగింది. వాళ్లంతా అంతకుముందూ అదే బడిలో ఉన్నవాళ్లే. అంత దూరం ఎందుకు, మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు రహదారి పట్టుకుంటే వచ్చే బెంగళూరులో, జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారు ప్రతిభ గల పిల్లల గుర్తింపు మీద ఏండ్లుగా పనిచేస్తున్నారు. వారి సలహాతో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు శిక్షణ ఇప్పించి, ఏడాది పొడవునా గమనించి రాసే పద్ధతి మా మండలంలో మొదలుపెట్టాలి. చదవడంలో, రాయడంలో తప్పులు చేసినా లెక్కల్లో చురుకైన పిల్లవాడు కూడా ఆ గమనింపులోకి రావాలి. ఎవరి పేరు పక్కనా ఐక్యూ అంకె రాయవద్దు. కాలిఫోర్నియాలో టెర్మన్ అనే శాస్త్రవేత్త వందేళ్ల కింద అలాంటి అంకె పెట్టుకుని మేధావి పిల్లలను ఏరితే, ఆ జల్లెడలోంచి జారిపోయిన ఇద్దరు, షాక్లీ, అల్వారెజ్, తర్వాత నోబెల్ బహుమతి తెచ్చుకున్నారు.

రెండోది, ప్రవేశ పరీక్షల దరఖాస్తులకు ముందు ప్రతి పాఠశాలలో ఒక పూట తల్లిదండ్రుల సమావేశం పెట్టాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి గనుక కొత్త కమిటీ అక్కరలేదు. హాస్టల్లో పిల్ల రోజు ఎలా గడుస్తుంది, ఇంటికి ఎప్పుడెప్పుడు పంపుతారు, పెద్దమనిషైతే చూసుకునేదెవరు, ఉండలేక తిరిగొస్తే మళ్లీ ఏ బడిలో చేర్చుకుంటారు? ఇవన్నీ అక్కడ చదివిన పిల్లల చేతే చెప్పించాలి. పిల్ల ఇష్టం కూడా అడగాలి. వద్దనుకున్న తల్లిదండ్రులను చులకన చేయవద్దు. తిరిగొచ్చిన పిల్లను ఏ నెలలోనైనా ప్రశ్నలు లేకుండా చేర్చుకోవాలి.

మూడోది, సీటొచ్చిన పిల్లల ఫొటోలతో చౌరస్తాలో ఫ్లెక్సీలు కట్టడం ఆపించండి. రాని పిల్లలూ ఆ దారినే బడికి పోతారు.

నాలుగోది, ఊరి బడిలోనే ఉండిపోయే చురుకైన పిల్లల సంగతి. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వల్ల చదవడం, రాయడం రాని పిల్లలకు మేలు జరుగుతోంది, సంతోషం. ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేసిన పిల్లకు మాత్రం ఆ గంటలో పనిలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఇలాంటి పిల్లలకు అదనపు అభ్యాసాలు ఇవ్వాలని, బి.ఎడ్.లో ఈ అంశంపై ప్రత్యేక శిక్షణ ఉండొచ్చని చెప్పింది. దాన్ని కొత్తకోటలో అమలు చేయండి. పైతరగతి లెక్కలు, వారానికి ఒక పూట ఉన్నత పాఠశాల ప్రయోగశాల, ఇంటికి తీసుకుపోయే గ్రంథాలయ పుస్తకాలు చాలు. ఇవి దొరికితే మాలో సగంమందికి పిల్లను దూరం పంపాలా అన్న బెంగే ఉండదు.

ఐదోది, ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకారవేతన పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నవోదయ, గురుకులాల వాళ్లకు ఇది వర్తించదు, మా బడుల పిల్లలకే. అర్హులైన ప్రతి పిల్ల దరఖాస్తునూ బడే నింపాలి. ఆదాయ ధ్రువపత్రాలు బడి దగ్గరే శిబిరం పెట్టి ఇప్పించాలి.

చివరిగా, కొత్తకోట వంటి కొత్త మున్సిపాలిటీల పిల్లలను గ్రామీణ కోటాలో కొనసాగించమని నవోదయ విద్యాలయ సమితికి, వనపర్తి జిల్లాకు నవోదయ మంజూరు చేయమని కేంద్రానికి, రాష్ట్ర ప్రభుత్వం ద్వారా లేఖలు పంపించండి.

వీటిలో కోటా, కొత్త నవోదయ తప్ప మిగిలినవన్నీ జిల్లా స్థాయిలో తమరి ఉత్తర్వుతో మొదలయ్యేవే. వచ్చే ఏడాది ప్రవేశ పరీక్షల ప్రకటన వెలువడేలోగా మండల విద్యాధికారి ద్వారా మాకు రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరని మనవి.

ఇట్లు,
ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రులు,
కొత్తకోట, వనపర్తి జిల్లా.

ప్రతులు: జిల్లా విద్యాధికారి, వనపర్తి, మండల విద్యాధికారి, కొత్తకోట.