‘ఒరిజినలేనా?’ అని అడగకండి



ఈ నెల పరీక్షల గురించి కాకుండా బ్యాగుల గురించి రాస్తున్నాను. ఉదయం గేటు దగ్గర డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లల ముఖాల కన్నా ముందు వాళ్ల బ్యాగులకు వేలాడే బొమ్మలు కనిపిస్తున్నాయి. కుందేలు చెవులు, ఒళ్లంతా బొచ్చు, నోటి నిండా పళ్లు. దాని పేరు లబుబు అని మీలో చాలామందికి ఇంట్లో ఒక గొడవ అయ్యాకే తెలిసి ఉంటుంది.

ముందు నా తప్పు చెప్తాను. సెవెన్త్ క్లాసులో ఒక పాప కొత్త బొమ్మతో వచ్చింది. నలుగురైదుగురు చుట్టూ చేరి చూస్తున్నారు. పాఠం మొదలుపెట్టే ముందు సరదాకి, "బాగుందే, ఒరిజినలేనా?" అన్నాను. పాప ఏమీ అనలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో "కాదు మేడమ్, పళ్లు లెక్కపెట్టండి" అన్నారు. అసలుదానికి తొమ్మిది పళ్లుంటాయట. క్లాసంతా నవ్వింది. లంచ్ అయ్యాక చూస్తే బ్యాగుకు రింగు మాత్రమే ఉంది, బొమ్మ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద వాళ్ల నాన్న కొనిచ్చిన బొమ్మ అది. ఆ పాప దానికి ఒక పేరు కూడా పెట్టుకుందని తర్వాత తెలిసింది.

స్టాఫ్ రూమ్‌లో ఈ మాట వస్తే కొందరు "బ్యాన్ చేసేస్తే పోలా?" అన్నారు. పీటీఎంలో కొందరు పేరెంట్స్ కూడా అదే అడిగారు. నేను ఒప్పుకోను. బ్యాన్ చేస్తే బ్యాగు మీది బొమ్మ పోతుంది కానీ, నా నోటి నుంచి వచ్చిన ఆ ప్రశ్న పోదు. రేపు అదే ప్రశ్న షూస్ మీదికి, వాటర్ బాటిల్ మీదికి వస్తుంది. పిల్లల్ని బాధపెడుతున్నది బొమ్మ కాదు, ఆ ప్రశ్న.

ఈ లబుబు నిన్న మొన్నటిది కాదు. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లంగ్ అనే చిత్రకారుడు 2015లో పిల్లల బొమ్మల పుస్తకాల కోసం గీసిన పాత్ర అది. 2019 నుంచి చైనా కంపెనీ పాప్ మార్ట్ బొమ్మలుగా చేసి అమ్ముతోంది. 2024లో కొరియా పాటల గ్రూపు బ్లాక్‌పింక్‌లోని లీసా చేతిలో కనిపించాక దాని రాత మారిపోయింది. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత ఎత్తున్న ఒక లబుబు 10 లక్షల 80 వేల యువాన్లకు పోయింది. మన డబ్బుల్లో కోటి రూపాయల పైమాటే. ఆ బొమ్మల కోసం జనం కొట్టుకుంటుంటే 2025 మేలో లండన్ షాపుల్లో అమ్మకం ఆపేయాల్సి వచ్చింది.

"ఇంత పిచ్చేంటి?" అని నేనూ అనుకున్నాను. తర్వాత నా చిన్నతనం గుర్తొచ్చింది. చిప్స్ ప్యాకెట్లలో టాజోలు వచ్చే రోజులు. నాకు చిప్స్ మీద కన్నా లోపలున్న ఆ చిన్న బిళ్ల మీదే ధ్యాస. రెండోసారి అదే బొమ్మ వస్తే ఏడుపొచ్చేది. ఎవరి దగ్గరా లేనిది వస్తే ఆ రోజు రిక్షాలో నా సీటు కిటికీ పక్కనే. ఆ ఆనందం అబద్ధం కాదు. ఎదురుచూడటం, ఒక్కొక్కటీ చేర్చుకోవడం, జాగ్రత్తగా దాచుకోవడం, నాలుగు చేతుల్లో పెట్టి చూపించుకోవడం, ఇవన్నీ పిల్లలకు అవసరమే. కాబట్టి "బొమ్మకు అంత డబ్బా, బుద్ధుందా?" అని మొదలుపెడితే మన మాట వాళ్ల చెవికెక్కదు.

అయితే ఇప్పటి బొమ్మల్లో ఒక మెలిక ఉంది. డబ్బా తెరిచేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియదు. దీన్నే బ్లైండ్ బాక్స్ అంటారు. ఒక సిరీస్‌లో మామూలుగా ఆరు బొమ్మలుంటే, 'సీక్రెట్' అనే ఏడోది 72 డబ్బాలకు ఒకటి చొప్పున వస్తుంది. నేను మ్యాథ్స్ టీచర్‌ని కాబట్టి దీన్ని క్లాసులోకి తెచ్చాను. ఒక్కొక్కరికీ ఒక లూడో పాచిక ఇచ్చి, ఒకటి నుంచి ఆరు దాకా అన్ని అంకెలూ పడేవరకు వేయమన్నాను. "ఆరేడు సార్లు వేస్తే సరిపోతుంది మేడమ్" అన్నారు. ఒకడికి తొమ్మిదిసార్లకే అయిపోయింది, ఇంకొకడు ఇరవై దాటినా నాలుగు పడక తల పట్టుకున్నాడు. లెక్క ప్రకారం సగటున దాదాపు 15 సార్లు వేయాలి. అంటే ఆరు బొమ్మల సెట్ కోసం విడివిడిగా కొంటూ పోతే సుమారు 15 డబ్బాలు. సీక్రెట్ కోసం ఏకంగా 72 డబ్బాలు కొన్నవాళ్లు వంద మంది ఉన్నారనుకుంటే, వాళ్లలో సుమారు 37 మందికి అప్పటికీ అది దొరకదు. బోర్డు మీద ఈ లెక్క వేశాక క్లాసు నిశ్శబ్దమైంది. "అయితే మనల్ని కొనిపించడానికే అలా పెట్టారా?" అని ఒకడు అడిగాడు. నేను జవాబు చెప్పక్కర్లేకపోయింది.

కొరత రెండు రకాలు. ఒకటి కావాలని పుట్టించేది. 1990ల్లో అమెరికాలో టై అనే కంపెనీ బీనీ బేబీస్ అనే బొమ్మల్లో కొన్నింటిని అప్పుడప్పుడూ 'ఇక తయారు చేయం' అని ప్రకటించేది. జనం రేపు లక్షలొస్తాయని కొని దాచారు. 1999లో లాస్ వెగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట కోర్టులో నేల మీద కూర్చుని ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా పంచుకున్నారు. తర్వాత వాటిలో చాలావాటికి పెద్దగా ధర పలకలేదు.

రెండో రకం కొరత నిజంగా ఉండేది. మన కొండపల్లి బొమ్మనే తీసుకోండి. చుట్టుపక్కల కొండల్లో దొరికే తెల్ల పొణికి కర్ర కావాలి. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, రంగులు వేయాలి. అదంతా చేతిపని. ఒక మనిషి రోజుకు చేయగలిగినన్నే వస్తాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలకైనా, మన నిర్మల్ బొమ్మలకైనా అంతే. ఆ డబ్బా మీద 'లిమిటెడ్ ఎడిషన్' అని ఎవరూ రాయరు.

మనవి గొప్పవి, బయటివి చెడ్డవి అని నేను అనడం లేదు. దాచుకునే పద్ధతిలో తేడా చెప్తున్నాను. మా అమ్మమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. ఏడాదికి ఒక్క కొత్త బొమ్మ చేర్చాలని నియమం. ఒక్కటే. అందుకే ఏ బొమ్మ ఏ ఏడాది వచ్చిందో, ఎవరు తెచ్చారో ఆవిడకు నోటికొచ్చు. దశావతారాల సెట్‌లో నరసింహుడికి ఒక చెయ్యి లేదు. విరగ్గొట్టింది మా మామయ్య. అయినా ప్రతి ఏడాదీ నరసింహుడు తన మెట్టు మీద తన చోటులోనే ఉండేవాడు. పేరంటానికి వచ్చినవాళ్లు ఆ చెయ్యి గురించే అడిగేవాళ్లు, అమ్మమ్మ మళ్లీ ఆ కథ చెప్పేది. ఇప్పటి కలెక్టర్లలో చాలామందికి డబ్బా తెరిస్తేనే రేటు పడిపోతుందని భయం. అమ్మమ్మ దగ్గర విరిగిన బొమ్మకే విలువ ఎక్కువ.

అందుకని మీకు మూడు విన్నపాలు.

ఒకటి, సీల్ వేసిన డబ్బా కొనకండి. కొనదలిస్తే పిల్లలు ముందే చూసి, ఇదే కావాలని ఎంచుకున్నది కొనండి. చైనాలోనే 2023లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు అమ్మకూడదని నిబంధనలు తెచ్చారు, ఆపై పిల్లలకు పెద్దల అంగీకారం ఉండాలన్నారు. అమ్మే దేశమే జాగ్రత్త పడుతోంది.

రెండు, ఏడాదికి ఒకటి అనే అమ్మమ్మ నియమం పెట్టి చూడండి. లబుబు కావచ్చు, నుమాయిష్‌లో కొన్న నిర్మల్ బొమ్మ కావచ్చు, రాళ్లు కావచ్చు, పాత నాణేలు కావచ్చు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో వెళ్లి తెచ్చుకున్నారో ఒక నోట్‌బుక్‌లో రాయించండి.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో, బర్త్‌డే పార్టీలో ఏ పిల్లనైనా, పిల్లాడినైనా "ఒరిజినలేనా? ఎంత?" అని అడగకండి. "దీని పేరేంటి?" అని అడగండి. మనం ధర అడిగితే పిల్లలు ధర నేర్చుకుంటారు. ఫీజుకు, ట్యూషన్‌కు, ఈఎంఐలకు పోగా మిగిలిన దాంట్లోంచి ఒక తండ్రి ఇష్టంగా కొనిచ్చిన బొమ్మను పది మందిలో నకిలీ అనిపించే హక్కు మనలో ఎవరికీ లేదు. టీచర్‌కైతే అసలే లేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ పాపకు సారీ చెప్పాను. మాట అన్నది అందరి ముందు కాబట్టి సారీ కూడా అందరి ముందే చెప్పాలి. పాప తల ఊపింది. బొమ్మ మాత్రం ఇంకా బ్యాగు మీదికి రాలేదు. మొన్న అడిగితే "ఇంట్లో ఉంది మేడమ్" అంది. ఈసారి దాని పేరేంటని అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది నాకు మాత్రమే చెప్పింది.

మీ పిల్లల మ్యాథ్స్ టీచర్,
మలక్‌పేట బ్రాంచ్