సంఘానికి సింథసైజరు

పుత్తూరు చుట్టుపక్కల సంఘాలవారు ఏ సింథసైజరు కొనవలెనని మమ్ములను అడుగుచున్నారు. వేరుశనగ అమ్మి ఇచ్చిన కానుకల సొమ్ము గనుక తొందర వద్దు. ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకునో మొదట చూడండి. 1983 నాటి యమహా డీఎక్స్‌7లో 16 పలికేవి. రోలాండ్ ఎక్స్‌పీఎస్‌-10లో 128 పలుకును. తంబురా శ్రుతి మీద వయొలిన్, దానిపై రెండు చేతుల వాయింపు చేరితే, సంఖ్య చాలనిచోట ముందు పట్టిన స్వరం మధ్యలో తెగిపోవును.

అయినను మేము ముందుగా చూచేది పిచ్ బెండ్. అది లేనిదే మన కీర్తనల రాగాలలోని గమకం రాదు. హార్మోనియంకూ ఆ కొరత ఉన్నదే. ఆ రోలాండుకు సొంత స్పీకర్లు లేవు, యాంప్లిఫయరు ఖర్చు కూడ కలుపుకోండి. వందల తాళాలున్నవని అంగడివాడు మురిపించును. అవన్నీ మోగించితే డోలక్ వాయించే పిల్లవాడు ఏమి చేయును?

చెన్నై వెళ్లేటప్పుడు వాయించేవాణ్ణి వెంటబెట్టుకొని పోండి. కమిటీ పెద్దలే వెళ్తే పెట్టె మెరుపు చూచి వచ్చెదరు.