సర్టిఫికెట్ అడగని సాయం

లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో డేవిడ్ ప్యాటర్సన్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఆ హోదాకు వచ్చినవాడు. తనకు డిస్లెక్సియా ఉందని ఆయనకు 2004లో గానీ తెలియలేదు. ఆ పై పదోన్నతి పరీక్ష దగ్గర పేచీ మొదలైంది. ఇంత పెద్ద ఉద్యోగం చేస్తున్న మనిషికి వైకల్యం ఏమిటి, సగటు మనిషితో పోలిస్తే బాగానే చదువుతాడు, రాస్తాడు కదా అన్నది ఆయనకు ఎదురైన వాదన. పైకి సబబుగానే ఉంది. కింది ట్రిబ్యునల్ కూడా అదే నమ్మింది. 2007లో అప్పీల్ ట్రిబ్యునల్ మాత్రం ఒప్పుకోలేదు. లోకంలో సగటు మనిషితో పోల్చి లాభం లేదు, ఈ ఇబ్బందే లేకపోతే ఈయన ఎలా రాసేవాడో దానితో పోల్చమంది. పదోన్నతి పరీక్ష రాయడం ఉద్యోగంలో మామూలు పనే కాబట్టి వికలాంగులకు రక్షణనిచ్చే చట్టం ఆయనకూ వర్తిస్తుందని తేల్చింది.

మన ఆఫీసులు ఈ తీర్పు నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. డిస్లెక్సియా ఉన్న ఉద్యోగి తడబడితే మన దగ్గర ‘మొద్దు’ అంటారు. నెగ్గుకొస్తే ‘బాగానే చేస్తున్నావుగా, నీకేం తక్కువ’ అంటారు. ఏ రకంగా చూసినా సాయం మాత్రం అందదు.

డిస్లెక్సియా కంటి జబ్బు కాదు, తెలివితేటలకు దీనితో సంబంధం లేదు. విన్న శబ్దాన్నీ చూసిన అక్షరాన్నీ జతకలిపే పని మెదడులో తడబడుతూ సాగుతుంది. వయసుతో పోదు. చాలామంది చదవడం నేర్చుకుంటారు. కానీ మిగతావాళ్లకు అలవాటుగా జరిగిపోయే చదువు వీళ్లకు ప్రతిసారీ శ్రమే.

ఆ శ్రమ ఎలా ఉంటుందో ఒక మీటింగులో చూడండి. నాలుగు పేజీల సర్క్యులర్ అప్పటికప్పుడు చేతికిచ్చి, ‘ఒకసారి చూసి మీ అభిప్రాయం చెప్పండి’ అంటారు పై అధికారి. అందరూ రెండో పేజీలో ఉంటే డిస్లెక్సియా ఉన్న ఉద్యోగి మొదటి పేరానే మళ్లీ చదువుతుంటాడు. పక్కవాళ్లు పేజీ తిప్పారు కాబట్టి తనూ తిప్పుతాడు. తన వంతు వచ్చేసరికి ‘నాదీ అదే మాట సార్’ అనేస్తాడు. ఆ విషయం మీద అక్కడున్న అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనే కావచ్చు. మినిట్స్ రాసే పని తన మీద పడేలా ఉంటే ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి వెళ్తాడు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలి బొమ్మతో సరిపెడతాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ నాలుగు పేజీలూ తీరిగ్గా చదువుకుంటాడు. ఉద్యోగం ఒకటి, ఇబ్బందిని కప్పిపుచ్చుకునే ఉద్యోగం ఇంకొకటి. జీతం మాత్రం ఒక్కదానికే.

మరి చెప్పుకోవచ్చు కదా అంటారు. ఏమని చెప్పుకోవాలి? 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, అందులో ఇది లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచినప్పుడు ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాల’ కింద చోటు దొరికింది. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారితో కలిసి పంచుకోవాలి. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు నలభై దాటిన ఉద్యోగులు బడికి వెళ్లిన రోజుల్లో ఆ సర్టిఫికెట్ ఊసే లేదు. 2007లో ‘తారే జమీన్ పర్’ సినిమా వచ్చేదాకా చాలా ఇళ్లలో ఆ పేరే వినలేదు. వీళ్లకు బడిలో దక్కింది బెత్తం దెబ్బలు, ‘వత్తులన్నీ మింగేస్తున్నావేంరా’ అన్న తిట్లు. ఇవాళ వీళ్లను కాగితం తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు?

అదృష్టవశాత్తూ సాయానికి ఆ 40 శాతం గీత అడ్డు కాదు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్, యూపీఎస్సీ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2021లో ఈ సంగతి స్పష్టం చేసింది. 40 శాతం లేకపోయినా పరీక్ష రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనంది. సహేతుకమైన సర్దుబాటు నిరాకరించడమే వివక్ష అంది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి, వికలాంగులకు ఏ సదుపాయాలిస్తారో అందులో చెప్పాలి. మీ ఆఫీసులో ఆ పత్రం ఉంటే తీసి చూడండి. ర్యాంపు, లిఫ్టుల దగ్గరే ఆగిపోయిందేమో!

నేననేది ఒక్కటే. ఈ సాయాన్ని ఒప్పుకోలుతో ముడిపెట్టకండి, ఆఫీసు అలవాటుగా మార్చండి. మీటింగు కాగితాలు ముందురోజే పంపండి. నోటితో చెప్పిన పనిని మూడు ముక్కల్లో రాసి కూడా పంపండి. పదిమందిలో ‘ఇది గట్టిగా చదువు’ అని ఎవర్నీ నిలబెట్టకండి. వర్డ్‌లో రాసింది చదివి వినిపించే సదుపాయం, చెబితే రాసుకునే సదుపాయం ఉన్నాయి. ఫోన్ కీబోర్డు తెలుగులో చెప్పినా రాస్తుంది. కన్ను దాటేసిన తప్పును చెవి పట్టుకుంటుంది. అందుకే పంపబోయే లేఖను ఒకసారి వినడం ఎవరికైనా మంచిదే. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ‘పాటలు వింటున్నావా’ అని అడగకపోతే చాలు. కష్టమంతా అక్షరదోషాల దగ్గర ఉన్నవాడికి అప్రైజల్‌లో అక్షరదోషాలకే మార్కులు కోయకండి.

తప్పులు రాయడానికి లైసెన్సు ఇమ్మంటారా అని అడిగేవాళ్లుంటారు. మందు మోతాదు, చెక్కు మీద అంకె తప్పు పోకూడదు, నిజమే. కానీ అవి ఎవరి చేతిలోనూ తప్పు పోకూడదు. అందుకే బ్యాంకులో ఒకరు చేసిన ఎంట్రీని ఇంకొకరు సరిచూస్తారు. దాన్ని ఎవరి మీదా జాలి అనుకోం. పని నాణ్యత విషయంలో రాజీ అక్కర్లేదు, అక్కడికి చేరే దారి మాత్రం ఒక్కటే ఉండాలని పట్టుబట్టొద్దు.

కొన్నిటికి ఖర్చవుతుంది. బ్రిటన్‌లో ‘యాక్సెస్ టు వర్క్’ పథకం కింద సాఫ్ట్‌వేర్‌కో, శిక్షణకో అయ్యే ఖర్చుకు ప్రభుత్వం సాయపడుతుంది. యజమాని మీద భారం తగ్గుతుంది, ఉద్యోగికి మొహమాటం తగ్గుతుంది. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ ముందు సొంత సచివాలయాల్లోనైనా ఇలాంటిది మొదలుపెట్టొచ్చు. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇమ్మని కేంద్రం 2018లోనే మార్గదర్శకాలిచ్చింది. పరీక్ష హాల్లో గుర్తించిన ఇబ్బంది ఉద్యోగంలో చేరిన మర్నాడే మాయమైపోతుందా?

యజమానులూ, మేనేజర్లూ జీవో కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. సోమవారం మీటింగు కాగితాలు శుక్రవారమే పంపి చూడండి. ఎవరి కోసమో మీరు చెప్పనక్కర్లేదు, తమ కోసమేనని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ‘నాదీ అదే మాట సార్’ అనేవాళ్లు ఎందరు తగ్గారో మాత్రం లెక్కపెట్టుకోండి.