చిన్నాడి చెక్క పడవ



పోయిన వారం ఆవకాయ కొలతలు చెప్పుకున్నాం. ఈ వారం వంట లేదు, పడవ గురించి చెబుతాను. పత్తీ మిరపా పండే మార్టూరులో ఈవిడకు పడవేమిటి అని నవ్వుకోకండి. ఇది మూరెడు పొడుగుండే బొమ్మ పడవే. కాకపోతే కొనుక్కొచ్చి ఆడుకునేది కాదు, చెక్కముక్కలు అతికించి మనమే కట్టుకోవాలి. కట్టాక చేతిలో రిమోట్ పెట్టుకుని గట్టున నిలబడి నడపొచ్చు.

నిరుడు ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలొచ్చాయి. మా చిన్నాడు లెక్కలు తప్పాడు. ఆ మర్నాడు పేపరు తెరవాలంటే ఏ తల్లికి భయముండదో చెప్పండి. 2019లో తెలంగాణలో ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అది చదివి, ఎవరి బిడ్డలో అని ఏడ్చాను. ఇప్పుడు నా బిడ్డే అన్నం దగ్గర తలెత్తడం లేదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. మావారేమో మిరప బస్తాలు గుంటూరు యార్డుకు తోలే హడావుడిలో ఉన్నారు. ఇంటికొస్తే హాస్టలుకి కట్టిన డబ్బు లెక్కే. నేను వాడి గది గడపలో చాప వేసుకుని పడుకున్నాను, తలుపు వేసుకోనివ్వకుండా.

అప్పుడే విశాఖ నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. కాలేజీలో ఎన్.సి.సి. నేవీ విభాగంలో ఉండేవాడు. వాళ్ళకు నౌ సైనిక్ క్యాంపులో ఓడ నమూనాలు కట్టడం కూడా ఒక పోటీ అట. నాకూ అప్పుడే తెలిసింది. వస్తూ వస్తూ ఓ పెట్టె తెచ్చాడు. "అత్తా, వీణ్ణి ఏమీ అడగొద్దు. దీన్ని బల్ల మీద పెట్టి, నువ్వే మొదలుపెట్టు" అన్నాడు.

నేను చదివిందీ ఇంటరే. పుస్తకంలో ఇంగ్లీషు కూడబలుక్కుంటూ కూర్చున్నాను. పెట్టెలో సన్నటి ప్లైవుడ్ పలకలు, కట్టెపుల్లల్లాంటి బద్దలు, చిన్న మోటారు, ఇత్తడి పంకా ఉన్నాయి. అడుగున వెన్నెముకలాంటి పొడుగు చెక్క, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి చెక్కలు. అవి నిలిచాక పైన బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోవాలి. బద్ద వంగాలంటే వేడినీళ్ళలో నానాలి. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి దండెం మీది బట్టల క్లిప్పులు చాలు!

రెండో రోజు నేను బద్ద విరగ్గొట్టాను. మూడో రోజు ఇంకోటి. అప్పుడు చిన్నాడు లేచి వచ్చి, "అట్లా కాదమ్మా, ఇంకాసేపు నాననీ" అన్నాడు. నాలుగు రోజుల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను మారు మాట్లాడకుండా బల్ల దగ్గర చోటు ఇచ్చి, పక్కన మామిడికాయ ముక్కలు కోసుకుంటూ కూర్చున్నాను.

వాడు కుదురుగానే అతికించాడు గానీ ఒక తప్పు జరిగింది. కుడి పక్క బద్దలన్నీ వరసగా వేసేశాడు. తెల్లారి చూస్తే పడవ వెన్ను అరటికాయలా వంకర తిరిగింది! కుడికొకటి, ఎడమకొకటి చొప్పున వేసుకుంటూ రావాలట, లేకపోతే ఒకవైపే లాగుతుంది. వాడి మొహం మళ్ళీ మాడిపోయింది. విశాఖకు ఫోను చేస్తే మేనల్లుడు నవ్వాడు. "తెల్ల జిగురే కదా అత్తా, వేడినీళ్ళ గుడ్డ వేసి ఉంచు, మెత్తబడి ఊడొస్తుంది" అన్నాడు. గంట సేపు గుడ్డలు మార్చాం. ఆరు బద్దలు ఊడొచ్చాయి, ఒక్కటీ విరగలేదు.

ఆ గుడ్డలు పిండుతూనే చెప్పాడండీ, నా వంక చూడకుండా: "లెక్కలు మొదటి నెల నుంచే అర్థం కాలేదమ్మా. అడిగితే అందరి ముందూ నిలబెడతారని అడగలేదు. నాన్నకు చెబితే డబ్బు పోయిందంటారని చెప్పలేదు." మామిడి ముక్క చేతిలోనే ఉండిపోయింది నాకు. ఏడాదంతా ఆదివారాలు ఫోను చేసి "తిన్నావా" అనే అడిగాను. ఇది ఒక్కసారీ అడగలేదు.

ఆ రాత్రి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "తప్పినవాడికి బొమ్మలా" అన్న మనిషి, మర్నాడు మోటారు బిగించే చోట ఆగి చూశారు. మోటారు నుంచి పంకాకు వెళ్ళే కడ్డీ ఓ గొట్టంలోంచి పోతుంది. అందులోంచే నీళ్ళు లోపలికొస్తాయి. "గ్రీజు కూరాలిరా, ఇంజనుకు మేం చేసేదీ అదే" అంటూ ట్రాక్టరు దగ్గర్నుంచి గ్రీజు డబ్బా తెచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు. తీసుకున్న బస్తాల లెక్క ఆ పూట అడగలేదు.

రిమోటుతో నడిచే పడవ కొత్త సంగతేమీ కాదట. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో తొట్టి నీళ్ళలో నడిపి చూపించాడని చిన్నాడు చెప్పాడు. మాకు ముందు తొట్టి మా పెరట్లో గాబే. వేయగానే ఎడమకు ఒరిగింది. బ్యాటరీని వేలెడు కుడికి జరిపితే సర్దుకుంది. తర్వాత నడపడానికి బల్లికురవ వైపు క్వారీ గుంటలకు వెళతానన్నాడు. గట్టిగా వద్దన్నాను. లోతు తెలియని నీళ్ళు అవి, పడవ ఆగిపోతే పిల్లలు దిగుతారు. మా పుట్టింటి ఊళ్ళో మోకాలి లోతు కుంటలో, నాన్నా నేనూ పక్కనుండగా నడిపాడు. తిన్నగా వెళ్ళి తిరిగొచ్చింది.

సప్లిమెంటరీకి మా వీధిలో రిటైరైన మాస్టారి దగ్గర కూర్చోబెట్టాం. బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. హాస్టలు మాన్పించి చిలకలూరిపేటలో చేర్చాం, బస్సులో వెళ్ళొస్తున్నాడు. పడవ వల్ల పాసయ్యాడని నేననను. నోరు విప్పాడు, అంతే. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందిరా" అంటే చెప్పని పిల్లలు, చేతిలో పనుండి మనం పక్కన ఊరికే ఉంటే చెబుతారు. అది పడవే కానక్కర్లేదు. కుక్కరు గాస్కెట్ మార్చడమైనా సరే.

బిడ్డ తిండీ నిద్రా మానేసి మనసు విరిగినట్టుంటే మాత్రం పనితోనే సరిపెట్టకండి. ప్రభుత్వం వారి టెలిమానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మనమే చేసినా వింటారు.

పడవ కట్టేవారికి నాలుగు మాటలు:

* ఉప్పు కాయితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రుద్దాక లోపలా బయటా రెసిన్ పూస్తే నీళ్ళు దిగవు. దానికి చేతి తొడుగులుండాలి, కిటికీలు తీసుండాలి. రెసిన్ కలిపిన గిన్నె మళ్ళీ వంటకు వాడొద్దు.

* ముందు రిమోట్ వేసి తర్వాత పడవ స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాత రిమోట్.

* లోపలి రిసీవరు తీగ నీటి మట్టానికి పైనుండాలి. నీళ్ళలో మునిగితే రిమోట్ మాట వినదు.

* బ్యాటరీని దాని ఛార్జరుతోనే, మనిషి దగ్గరుండగానే ఛార్జి చేయాలి.

* బట్టలకు తెల్ల జిగురు అంటితే ఆరకముందే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి, పోతుంది.

వచ్చే వారం మాగాయతో కలుస్తాను.