‘వయసు కదా’ అని వదిలేయొద్దు

పక్క జిల్లాలో పెళ్లికి రమ్మంటే అమ్మమ్మ మోకాళ్ల నొప్పులంటుంది. చాలాసార్లు అసలు అడ్డంకి మోకాళ్లు కావు. నాలుగు గంటల ప్రయాణంలో మూత్రానికి ఎక్కడ ఆపుతారోనన్న బెంగ. ధైర్యం చేసి ఇంట్లో చెప్పినా వచ్చే జవాబు ఒకటే: ‘వయసు కదా, అంతే!’

ఆ మాటలో సగం నిజమే. మూత్రాశయం కండరంతో అయిన సంచి. నిండుతున్నంతసేపూ ఆ కండరం వదులుగా సాగుతూ ఉండాలి. అలా సాగితేనే అందులో 400-500 మిల్లీలీటర్లు పడుతుంది. సడలమనే కబురును నరాలు నార్‌అడ్రినలిన్ అనే రసాయనంతో పంపుతాయి. కండర కణాల మీదుండే బీటా-3 గ్రాహకాలు దాన్ని అందుకోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగి కండరం సడలుతుంది. వయసు మీరిన ఎలుకల మూత్రాశయాల్లో ఈ స్పందన తగ్గడాన్ని పరిశోధకులు గమనించారు. మనుషుల్లో దీనికి ప్రోస్టేట్ వాపు, షుగర్, ఇన్ఫెక్షన్, మలబద్ధకం వంటివీ తోడవుతాయి.

తప్పల్లా ఆ ‘అంతే’తోనే. అదే బీటా-3 గ్రాహకాన్ని ప్రేరేపించే మిరాబెగ్రాన్ మందుకు అమెరికాలో 2012లోనే అనుమతి వచ్చింది. అలాగని పక్కింటాయన చీటీ చూసి మెడికల్ షాపులో కొనేది కాదది. దానితో బీపీ పెరగొచ్చు. ఆక్సీబ్యుటినిన్ లాంటి పాత మాత్రలతో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, పెద్దవాళ్లలో మతిమరుపు, తికమక కనిపించవచ్చు. అందుకే మాత్రకన్నా ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష, కీగల్ వ్యాయామాలు, సాయంత్రం కాఫీ టీలు తగ్గించడం.

మన ఇళ్లలో చేసే పని మాత్రం నీళ్లు తగ్గించడం. నాకు ఇది అస్సలు నచ్చదు. రోజంతా నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, మలబద్ధకం పెరిగి అవస్థ రెట్టింపవుతుంది. పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి చీకట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆ ఇంటికి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. బాత్రూమ్ దాకా చిన్న లైటు ఈరోజే పెట్టించండి. మూడు రోజులపాటు ఎన్నింటికి, ఎన్నిసార్లు వెళ్లారో కాగితం మీద రాయించి డాక్టరుకు చూపించండి. సిగ్గుపడి వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం అసలు రాకుండా ఆగిపోయినా ఆ మూడు రోజులూ ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.