భాషల చుట్టరికం - నా మాట

మొన్న మెస్‌లో పళ్ళాలు లెక్కపెడుతూ మన గోండు మిత్రుడు "రండ్, మూండ్, నాలుంగ్" అన్నాడు. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన. తర్వాత ఆలోచిస్తే అవి తెలుగు రెండు, మూడు, నాలుగే కదా! గోండి, తెలుగు ఒకే ద్రావిడ తల్లి బిడ్డలు. మా లంబాడీలో "తీన్, చార్" అంటాం. మాది రాజస్థానీ వైపు చుట్టరికం.

అయితే ఒక మాట కలిస్తేనే చుట్టాలు కారు. మన బోధన్ శక్కర్‌నగర్‌లోని 'శక్కర్' ఉర్దూ మాట. తెలుగోళ్ళ నోట్లో నానినా అది అరువే. లెక్కలు, అవయవాల పేర్ల వంటి మాటల్లో ధ్వనులు ఒక పద్ధతిగా కలవాలి. ఇరాన్‌లో ఏనాడో అంతరించిన ఎలామ్ భాష ద్రావిడానికి చుట్టమని మెకాల్పిన్ అనే పండితుడు 1981లో పుస్తకమే రాశాడు. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. రుజువు చాలదన్నారు.

వాళ్ళు అంత దూరపు చుట్టం కోసం వెతుకుతుంటే మనం పక్క మంచం మీది చుట్టాన్ని చూసి నవ్వుతున్నాం! చుట్టం కాకున్నా నవ్వొద్దు. మా లంబాడీ తెలుగుకు చుట్టం కాదు, అయినా అది మా అమ్మ భాష.

వార్డెన్ సార్‌కు మనవి: ఈ గోడపత్రికలో వారానికి పది గోండి, పది లంబాడీ మాటలు రాయనివ్వండి. మొదటి పది గోండి మాటలు మిత్రుణ్ణి అడిగి నేనే రాస్తా.

- 9వ తరగతి విద్యార్థి