గోపురం సరే, గుమ్మం ఏదీ?

మొన్న పొద్దున కాఫీ తాగుతూ మావారు పేపర్లో ఓ బొమ్మ చూపించారు. అమరావతిలో కట్టే శాసనసభ. లండన్‌లోని నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన నమూనా. నెత్తిన సూదిలాంటి శిఖరం. ఎత్తు 250 మీటర్లట!

"నాలుగు చార్మినార్లు ఒకదానిమీద ఒకటి పెట్టినా అందదోయ్! పైకెక్కి ఊరంతా చూడొచ్చు. పక్కనే ఓ బ్రహ్మాండమైన కళాభవనం కూడా కడితేనా, రాజధాని అంటే అదీ!" అని మురిసిపోయారు.

"బాగానే ఉంది. ఆ కళాభవనంలో కచేరీ అయ్యాక నేను ఇంటికెలా రావాలి?" అన్నాను. ఆయన పేపరు మడిచేశారు.

నవ్వకండి. నిరుడు మా ఆడపడుచు కూతురి నాట్యానికి ఓ పెద్ద హాలుకి వెళ్ళాం. మెట్లన్నీ పాలరాయే. ఆడవాళ్ళ బాత్‌రూముకి మాత్రం తాళం! తొమ్మిది దాటితే బస్సు లేదు. పిల్ల తిల్లానా మొదలెట్టిందో లేదో, మేమిద్దరం ఆటో కోసం రోడ్డున పడ్డాం. మన సంస్కృతి మగవాళ్ళ స్కూటరు తాళంచెవికి వేలాడుతోందని ఆ రాత్రే తెలిసింది నాకు.

గొప్ప కట్టడాల ముచ్చట అమరావతికి కొత్త కాదు. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అక్కడ కొత్త రాజధాని కట్టుకున్నారు. కావలసిన రాళ్ళు ఎక్కడివనుకున్నారు? పాత బౌద్ధస్తూపం దిబ్బలోవి! తరవాత దొరలొచ్చి మిగిలిన శిల్పాల్లో కొన్నింటిని మద్రాసుకీ, కొన్నింటిని లండనుకీ తరలించారు. ఇవాళ మన అమరావతి శిల్పాల్లో కొన్నింటిని చూడాలంటే బ్రిటిష్ మ్యూజియం గడప తొక్కాలి. రాజధాని కట్టే హడావిడిలో ఉన్న సంస్కృతే గోడల్లోకి పోయిందన్నమాట.

రాజధాని వద్దని నేననటం లేదు. 29 గ్రామాలవాళ్ళు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఎండనకా వాననకా శిబిరాల్లో కూర్చున్న వాళ్ళలో ఆడవాళ్ళెందరో! 2025 మే 2న ప్రధాని పనులు మళ్ళీ మొదలుపెట్టారు. సంతోషమే. కానీ ఆ తల్లులు చూడాల్సింది మెడ నొప్పిపుట్టేలా ఆకాశంలోకేనా?

"ప్రతి రాజధానికీ ఓ గుర్తు ఉండాలి" అంటారు. ఉండనీండి. అయితే ముందు వాడవాడకీ ఓ చిన్న హాలు, ఓ గ్రంథాలయం, చంటిపిల్లల్ని కాసేపు చూసుకునే ఓ ఆయా, తాళం లేని ఓ బాత్‌రూము, రాత్రి పదింటికి ఓ బస్సు. వీటికి విదేశీ నమూనాలు అక్కర్లేదు. వంటింటి మొహం చూసినవాళ్ళనెవరినైనా ఓ మాట అడిగితే చాలు.

ఇంటికి ముందు గుమ్మం నిలబెట్టి పసుపు రాస్తాం. మరి ఊరికి శిఖరంతో మొదలెట్టడమేమిటమ్మా? ఏమంటారు?

మావారైతే ఇంకా పేపరు విప్పలేదు.